అక్షరం లావైతే ధర పెరిగింది

ముప్పై ఏళ్ల కిందట తను రాసిన డిటెక్టివ్ నవల ఇప్పుడు ఈ-బుక్‌గా రాబోతోందని తెలిసినప్పట్నించీ అత్తగారి కాలు నేల మీద నిలవడం లేదు. ఆవిడ కోరికల్లా ఒక్కటే, పొద్దున్నే తనతో నడకకొచ్చే ఐదుగురు ఆడవాళ్లు దాన్ని కొనుక్కుని చదవాలి. ఇన్నాళ్లూ "నేనూ రచయిత్రినే" అంటే, "అవునా, పాపం" అని ఊరుకునేవాళ్లు మరి.

సాయంత్రం ప్రచురణకర్త ట్యాబ్ చంకన పెట్టుకుని వచ్చి ధర చెప్పాడు. నాలుగొందల యాభై.

అత్తగారు టీ కప్పు కింద పెట్టేసింది. "కొత్త నవలలే రెండొందలకి దొరుకుతున్నాయి కదయ్యా! నాదేమో పాతది. కాగితం లేదు, బైండింగు లేదు..."

"మా నాన్నగారి నాటి పద్ధతమ్మా. పేజీలు లెక్కపెట్టి, అందులో సగం రూపాయలు ధర వేస్తాం. మీది తొమ్మిదొందల పేజీలు."

"నేను రాసింది నూట ఎనభై! ఒక్క హంతకుణ్ణి పట్టుకోడానికి తొమ్మిదొందలెందుకు?"

కోడలు ట్యాబ్ అందుకుని చూసింది. తెరకి పట్టుమని పది మాటల్లేవు. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత ఉంది.

"మీ కళ్లజోడేదండీ?" అంది ప్రచురణకర్తతో.

"విరిగి వారమైంది. అందుకే అక్షరాలు కాస్త పెద్దవి చేసుకున్నాను."

కోడలు అక్షరాలు ఓ మెట్టు తగ్గించింది. ఐదొందల పేజీలు. ఇంకో మెట్టు. మూడొందలు. ప్రచురణకర్త మొహం కూడా అదే లెక్కన చిక్కిపోతోంది.

"ఆపమ్మా, పుస్తకం అరిగిపోతోంది!"

"ఇంకా తగ్గించవే," అంది అత్తగారు హుషారుగా.

నూట ఇరవైకి వచ్చేసరికి తెర మీద చీమలబారు మిగిలింది.

"అంటే అరవై," అంది కోడలు.

"అన్యాయం! నాకొక్క ముక్క కనబడ్డం లేదు," అన్నాడు ప్రచురణకర్త.

"తొమ్మిదొందలప్పుడు న్యాయం బాగా కనబడిందాండీ?"

ఆయన గొంతు తగ్గింది. "మళ్లీ టైపు చేయించాను, ప్రూఫులు దిద్దించాను. ఆ ఖర్చన్నా రావాలి కదమ్మా."

అదీ నిజమే అనిపించింది కోడలికి. పేజీల ఊసెత్తకుండా, కొత్త నవల ధరలో సగం, వంద వేద్దామంది. ఇద్దరూ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు.

పుస్తకం వచ్చిన మూడోనాడు అత్తగారు నడక నుంచి ధుమధుమలాడుతూ వచ్చింది.

"ఎవరూ కొనలేదా అత్తయ్యా?"

"ఐదుగురూ కొన్నారు. చదివారు కూడా."

"మరింకేం?"

"హంతకుడెవరో మొదటి అధ్యాయంలోనే తెలిసిపోయిందట! ఎలా తెలుస్తుందే? రాసిన నాకే సగం దాకా తెలీదు!" చెప్పులు విడిచి కుర్చీలో కూలబడింది. "రేపు నన్ను అరగంట ముందే లేపు. వాదన సగంలో ఆగింది."