ఎర్రగీత ఇంకా తడవలేదు

నేను ఒక ఇనప పలకను. మనిషంత పొడవు, జానెడు వెడల్పు. ఒంటి నిండా తెల్ల రంగు, దాని మీద నల్ల అంకెలు, పైభాగాన ఒక ఎర్రగీత. విజయనగరం వైపు వాగును గెడ్డ అంటారు; అలాంటి ఒక గెడ్డ మీదున్న రైలు వంతెన స్తంభానికి నన్ను బిగించారు. వరద ఎర్రగీతను తాకితే రైళ్లు ఆపాలి. నా ఉద్యోగం అంతే. నీటికి చదువు రాదు కనుక నా దగ్గర ఆగదు. చదువుకున్నవాళ్లు ఆగుతారని నన్ను పెట్టారు.

చుట్టాలొస్తున్నారంటేనే ఇల్లు సర్దే సంసారంలాగా, తనిఖీ ఉందంటేనే మావాళ్లకు వంతెన గుర్తొస్తుంది. ఒక ఏడు ఆ తనిఖీ నడివానల్లో పడింది. అప్పటికి నా బోల్టులు తుప్పుపట్టి నేను ఒక పక్కకు వేలాడుతున్నాను. నన్ను ఊడదీసి, రంగు వేసి, మళ్లీ బిగించబోతే కింది కన్నాలు నీళ్లలో ఉన్నాయి. మేస్త్రీ సూరప్పడికి పంచె తడుపుకోవడం ఇష్టం లేదు. మూరన్నర పైన కొత్త కన్నాలు వేయించాడు.

"కింద కదా ఉండాల," అన్నాడు వానాకాలం వంతెన కాపలా చూసే గౌరినాయుడు.

"నీకేల రా? అయ్యగోరు సూసెల్లిపోయాక దించుదుం లే."

అయ్యగారు గొడుగు కింద నుంచే నన్ను చూసి, రంగు బాగుందని రాసుకున్నారు. నీళ్లు తగ్గాయి. నన్ను దించడానికి మాత్రం ఎవరూ రాలేదు. బాగున్నదాన్ని ఎవరు కదుపుతారు?

రెండేళ్లకు తుపాను వచ్చింది. మధ్యాహ్నానికి గెడ్డ ఎర్రబడి, దుంగల్ని మోసుకొస్తోంది. పాసింజరు రావడానికి ఇరవై నిమిషాలుంది. గౌరినాయుడు స్టేషనుకు ఫోన్ చేశాడు.

"నీళ్లు గీతను తాకాయా?" అడిగారు స్టేషను మాస్టరు.

"ఇంకా మూరెడు కిందున్నాయి బాబూ. గాని పలకని పైకెక్కించీసినారు. పాత సోట ఉంటే గీత ఈపాటికి ములిగిపోయీది."

"ఉన్నచోట ఎంతుందో చెప్పవయ్యా. లేనిచోటు గురించి నేనేం రాసుకోను? కిందటేడు నువ్వు ఊరికే బండి ఆపి మెమో తీసుకున్నావు. ఈసారి సస్పెన్షనే. నీ ఇష్టం."

గౌరినాయుడు ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. నేను వెలవని రంగులో, చెక్కుచెదరకుండా, పచ్చి అబద్ధం చెబుతూ నిలబడి ఉన్నాను. అతను ఎర్రజెండా తీసుకుని పట్టాల వెంట ఎదురు పరిగెత్తాడు.

బండి ఆగింది. కిటికీల్లోంచి తలలు బయటకొచ్చాయి. "వంతెన బానే ఉంది కదేటి? తాగొచ్చినావేటి?" అని ఒక పెద్దమనిషి అరిచాడు. ఆయన ఇంకా తిడుతుండగానే నేనున్న స్తంభం కుంగి, మెల్లగా పక్కకు ఒరిగింది. పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ తిట్టు మాత్రం సగంలో ఆగింది.

విచారణ జరిగింది. వరద ప్రమాదస్థాయికి దిగువన ఉండగానే వంతెన కుంగిందని, పలక మంచి స్థితిలో ఉందని తేల్చారు. నన్ను కడిగి, ఆఫీసు వరండాలో అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన రాశారు: "వందల ప్రాణాలు కాపాడిన నీటిమట్టం పలక."

ఒకరోజు గౌరినాయుణ్ణి అక్కడికే పిలిపించారు. గీత తడవకముందే బండి ఆపడం తప్పేనని, ఇకమీద అలా చేయనని రాసిన కాగితాన్ని గుమస్తా చలపతిరావు అతని చేతికిచ్చాడు. సంతకం పెడితే సస్పెన్షన్ ఎత్తేస్తారట.

గౌరినాయుడు ముందు కాగితం చదివాడు. తర్వాత నా పక్కనున్న రాత చదివాడు.

"బండిని పలకే ఆపిందని రాసినారు కద బాబూ. మరి ఈ కాయితం దానికే ఇవ్వండి."

కాగితం బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. చలపతిరావు కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. సంతకం లేనిదాన్ని పైకి పంపలేడు, పారేయనూ లేడు. చివరికి నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న నా పెట్టె కాలి కిందకు తోశాడు.

ఇప్పుడు పెట్టె కదలడం లేదు. సూరప్పడు నన్ను పైకెక్కించాక నేను సరైన ఎత్తులో నిలబడింది ఇదే మొదటిసారి.