మూడో సూది

రంగుల దుకాణంలో అతన్ని అందరూ గద్దకన్ను అనేవారు. గోడ నుంచి రాలిన పెచ్చు ఒకటి తెచ్చి చూపిస్తే చాలు, డబ్బాలో నాలుగు చుక్కలు అటూ ఇటూ వేసి అచ్చం అదే రంగు దింపేవాడు. ఇరవై ఆరేళ్లుగా అదే పని.

చక్కెర జబ్బు ముందు కుడికంటిని పట్టుకుంది. కంటి లోపలి పొరలో నీరు చేరిందనీ, నెలకోసారి కంట్లోకే సూదిమందు వేస్తే తగ్గుతుందనీ, చాలామందికి ఏమీ కాదనీ డాక్టరమ్మ చెప్పింది. రెండు సూదులకే చూపు తేటపడింది. మూడోదానికి వెళ్తూ భార్యతో వేళాకోళం కూడా ఆడాడు.

"ఇదొక్కటి పడితే నీ తలలో తెల్లవెంట్రుకలు లెక్కపెట్టేస్తా."

"ముందు మీవి లెక్కపెట్టుకోండి," అంది ఆవిడ.

ఆ సూది పడ్డ నాలుగో రోజుకు కన్ను ఎర్రబడింది. చూపులో నల్లటి నలుసులు తేలసాగాయి.

"ఆసుపత్రికి పోదాం పదండి."

"సూది పడ్డ కన్ను ఎర్రబడదా? చేతిలో పెద్ద ఆర్డరుంది. అదయ్యాక చూద్దాంలే."

అది రెండు రోజులు పట్టింది. ఆ మర్నాడు గడ్డం గీసుకోబోతే అద్దంలో తన మొహం పొగ వెనక ఉన్నట్టుంది.

డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. "ఇది ఇన్ఫెక్షన్ కాదు. ఆ మందే మీ కంటికి పడలేదు. లోపలంతా వాచి, రక్తనాళాలు మూసుకుపోయాయి."

"మొన్ననే వచ్చుంటే?" అని అడిగింది భార్య.

"చెప్పలేనమ్మా. వెంటనే వచ్చినా కొందరికి ఆగదు."

తర్వాత భార్య అతన్ని పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

గంటగంటకూ చుక్కలు, పూటపూటకూ మాత్రలు. ఆరు వారాలకు ఎరుపు పోయింది, నొప్పి పోయింది. చూపు మాత్రం రాలేదు. ఎదురుగా ఎవరైనా చెయ్యి ఊపితే ఏదో కదిలిందని తెలిసేది, అంతే.

ఎడమకంటితో మళ్లీ పనిలోకి దిగాడు. వారం తిరక్కుండానే ఒకావిడ డబ్బా వెనక్కి తెచ్చింది. వేసిన చోట గోడకు మచ్చలా కనబడుతోందట. అతనికి రెండు రంగులూ ఒక్కలాగే ఉన్నాయి.

"అన్నా, నువ్వు కొన్నాళ్లు బ్రష్షుల వైపు కూర్చో," అన్నాడు యజమాని మెత్తగా.

ఎడమకంట్లోనూ నీరు చేరింది.

"ఈసారి వేరే మందు," అంది డాక్టరమ్మ. "వేయకపోతే ఇదీ పోతుంది."

"వేస్తే?"

"చాలామందికి ఏమీ కాదు."

"అప్పుడూ ఇదే మాటన్నారమ్మా," అన్నాడు. అతని గొంతులో కోపం కూడా లేదు.

నర్సు అంగీకార పత్రం తెచ్చి ముందు పెట్టింది. సంతకం ఎక్కడ చేయాలో కనబడలేదు. భార్య అతని చెయ్యి పట్టుకుని కలాన్ని గీత మీద ఆనించింది.