మొదటి బహుమతికి ఆధార్ జిరాక్స్

కుసుమకుమారికి కొత్త కాపురంలో ప్రతిదీ ముద్దుగానే ఉండేది. ఒకే గాజు గ్లాసులో ఆనుకుని నిలబడ్డ రెండు బ్రష్షులు, జయంత్ డ్యూటీ చొక్కా జేబులో తన కోసం మిగిల్చిన పల్లీలు, కొత్త అడ్రసుతో వచ్చిన ఆధార్ కార్డు. తన పేరు కింద జయంత్ పేరు చూసి మురిసిపోయి ద్వారకా నగర్‌లో పది జిరాక్సులు తీయించింది. రెండు చాలునని జయంత్ నవ్వాడు.

అక్కడే ఇడ్లీ పాత్ర కొంటే, లక్కీ డ్రా కూపనుకు జిరాక్స్ కావాలన్నాడు కొట్టు యజమాని తాతబాబు. ఆమె ఇచ్చేసింది. ఇడ్లీ పాత్రకూ ఆధార్‌కూ ఏమిటి చుట్టరికమని మనలో మాత్రం ఎవరు అడుగుతున్నారు?

వారానికి ఫోన్ వచ్చింది. మొదటి బహుమతి, గ్రైండర్. డ్రాలో మోసం లేదని నమ్మించడానికి తాతబాబు ఆమె జిరాక్స్‌ను ఫోటో తీసి ఖాతాదార్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గాజువాక ఇంటి నంబరుతో సహా. అది గ్రూపు నుంచి గ్రూపుకు పాకి, పరవాడలో పోలిరాజు ఫోన్లో తేలింది.

పోలిరాజు ఆమె మొదటి మొగుడు. మూడేళ్లు కొట్టాడు, ఎడమ చెయ్యి విరిచాడు. కోర్టు విడాకులిచ్చినా వెతకడం మానలేదు. అతనికి భయపడి కన్నతల్లికి కూడా చెప్పని అడ్రసు అది.

మర్నాడు ఉదయం ఎవరో తలుపు తట్టి, గ్రైండర్ వచ్చిందన్నారు. ఆమె పరుగున వెళ్లి తీసింది. ఇనుప రాడ్డు ఎడమ చేతి మీదే పడింది. పాత చోటే ఎముక పటుక్కుమంది.

"అడ్రసిచ్చి మరీ పిలిసినావు గదే" అంటూ పోలిరాజు ఆమె జుట్టు పట్టి తలను గుమ్మానికేసి బాదాడు.

నైట్ షిఫ్టు చేసి పడుకున్న జయంత్ లేచి మీద పడ్డాడు. రాడ్డు అతని నుదురు చీల్చింది. కళ్లలోకి రక్తం కారుతున్నా పోలిరాజు నడుం వదల్లేదు. పెనుగులాటలో బ్రష్షుల గ్లాసు పగిలి మగాళ్లిద్దరి అరికాళ్లూ కోసుకుపోయాయి. పక్కవాటా సన్యాసమ్మ, హార్బరులో చేపలమ్మే మనిషి, మరుగుతున్న గంజి తెచ్చి పోలిరాజు వీపున కుమ్మరించింది. అతను అరుస్తూ పొర్లుతుంటే రాడ్డు లాక్కుని, పోలీసులొచ్చేదాకా గుమ్మంలో నిలబడింది.

జయంత్‌కు పద్నాలుగు కుట్లు పడ్డాయి. పదో రోజున తాతబాబు గ్రైండర్ మోయించుకొచ్చి చేతులు జోడించాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత నసుగుతూ, బహుమతి ముట్టినట్టు రసీదుకు ఇంకో జిరాక్స్ అడిగాడు.

"మళ్లీ గంజి ఎట్టమంటావేటమ్మా?" అంది సన్యాసమ్మ.

కుసుమకుమారి నెమ్మదిగా అడిగింది. "మీ దగ్గిర ఇలాటివి ఎన్నున్నాయి బాబూ?"

నాలుగు వందలన్నాడు.

"నాలుగొందల ఇళ్ల తాళాలు మీకెందుకు? పట్టుకురండి. నాను సింపుతాను."

సాయంత్రం సంచితో తెచ్చాడు. కట్టుకట్టిన చెయ్యి లేవక, ఆమె ఒక్కో కాగితాన్ని పళ్లతో పట్టి చింపింది.

"రెండు చాలన్నాను కదా" అన్నాడు పక్కనే కూర్చుని చింపుతున్న జయంత్. చాలా రోజులకు ఆమె నవ్వింది.

అవసరం లేని చోట మనిషి ఆధార్ అడగడమే తప్పు; అడిగి తీసుకుని ఊరంతా చూపడమంటే, ఆ మనిషి ఇంటి గొళ్లెం మన చేత్తోనే హంతకుడికి తీసిపెట్టడం.