మంచుపిట్ట కూత

తెల్లారగానే చెంచమ్మకి రెండు పనులు. గుడిసె పక్కనుండే కూతపొదకి చెంబెడు మంచినీళ్లు పోయడం, పడవెక్కే కొడుకు శివని తిట్టడం. "చద్దన్నం ముట్టకుండా పరిగెత్తతాడు చూడు! ఆ చేపలేమన్నా నీకు మేనత్త కూతుళ్లంట్రా?"

పులికాట్ సరస్సు మీద మంచు కమ్మితే ఆ పొద కూస్తుంది, కూ...వీక్ అని. అది మంచుపిట్ట గొంతు. ఒకప్పుడు ఆ పిట్టలు ఈ పొదల్లోనే గూళ్లు కట్టేవి. మంచులో దారి తెలియని జాలర్లు వాటి కూత విని "వస్తుండా!" అని బదులిచ్చి పడవలు ఒడ్డుకి తిప్పేవాళ్లు. చెంచమ్మ వాళ్ల అవ్వ కాలానికే పిట్టలు లేకుండా పోయినాయి. కూత మాత్రం పొదలు పట్టుకున్నాయి. ఎవురో ఒకరు పిలవాల గదా.

చేపలు చేరేదానికి నీళ్లలో కొమ్మలు గుచ్చడం వీళ్లకి అలవాటు. మూడేళ్ల కిందట చెంచమ్మ మొగుడు పోలేరయ్య, వద్దన్నా వినకుండా, ఒడ్డునున్న కూతపొదలన్నీ నరికి సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర గుచ్చినాడు. నరికిన కొమ్మ కూడా కూస్తుందని ఆ మహానుభావుడికి తట్టలేదు. మంచులో అదే ఒడ్డనుకుని "వస్తుండా" అంటా పోయినాడు. పోయినవాడు పోయినట్టే. అప్పటికి మొలకగా ఉండబట్టి మిగిలింది ఈ ఒక్క పొద.

ఒకనాడు మొక్కల లెక్క రాసుకునే సుభాషిణి వచ్చింది. "పిట్ట అంతరించిపోయింది పెద్దమ్మా. ఈ మొక్క ఇంకా అంతరించలేదు. అంతే తేడా."

"పిట్ట పోతే దాని కూత దాచేదానికి చెట్టుండె. చెట్టు పోతే ఎవురుండారు తల్లా?"

సుభాషిణి పొద కొలతలు రాసుకుని వెళ్లిపోయింది.

ఆమె వచ్చిపోయిన నాలుగోనాడు చూస్తే పొద ఆకులన్నీ రాలిపోయి ఉంది. శివ అప్పటికే సరస్సులో ఉన్నాడు. మంచు దిగింది. పొద కూయలేదు. చెంచమ్మ దాన్ని పట్టుకుని ఊపింది, నీళ్లు పోసింది. "కూయి తల్లా, నీ కాళ్లకి మొక్కుతా! నా బిడ్డుండాడు నీళ్లలో!"

మొగ వైపు నుంచి వినబడింది, కూ...వీక్. పోలేరయ్య గుచ్చిన కొమ్మ. వెనకే శివ గొంతు, "వస్తుండా!"

"శివా!" అని అరవబోయింది చెంచమ్మ. నోట్లోంచి కూ...వీక్ అని వచ్చింది. ఇంకోసారి, ఇంకా గట్టిగా. మూడోసారికి పడవ ఒడ్డు వైపు తిరిగింది.

"పొద ఎండిపోయింది గదమ్మా, కూసిందెవురు?" అన్నాడు శివ దిగతా.

చెంచమ్మ కొడుకుని కావలించుకుని బదులు చెప్పబోయింది. మళ్లీ ఆ కూతే వచ్చింది.

మర్నాడు పొద్దున శివ కావాలనే చద్దన్నం ముట్టకుండా గడపలో నిలబడినాడు, ఒక్క తిట్టన్నా తిట్టదా అని. చెంచమ్మ కూసింది. వాడు కూర్చుని, ఏడుస్తా తిన్నాడు.