అజుకను మోసిన దారి

మా అక్క ఉగోయె యుద్ధం గురించి నాతో ఒక్కసారే మాట్లాడింది. బొమ్మలు వేయడం చదువుకుందామని నేను లండన్ బయలుదేరే ముందు, మా ఊరు ఎనుగులో తన కుట్టుమిషన్ దగ్గర కూర్చుని, తలెత్తకుండా చెప్పింది. నైజీరియా నుంచి విడిపోయి బియాఫ్రా అనే సొంత దేశం కావాలని మావాళ్లు చేసిన యుద్ధం నాటికి తనకు తొమ్మిదేళ్లు. నేనింకా పుట్టలేదు. ఆకలికి పొట్ట ఉబ్బిన మా అన్న అజుకను వీపున కట్టుకుని, గంజి పోస్తున్నారంటే ఒక చర్చికి నడిచింది. వరుసలో నిలబడ్డాక ఒక సిస్టరమ్మ వచ్చి ముడి విప్పింది. పిల్లవాడి ప్రాణం ఎప్పుడు పోయిందో అక్కకు తెలియదు. దారి పొడుగునా వాడికి పాట పాడుతూనే వచ్చింది.

"అమ్మక్కూడా చెప్పలేదు ఈ సంగతి. నీలోనే ఉంచుకోవే" అంది.

ఇరవై ఏళ్లు ఉంచుకున్నాను. లండన్‌లో ఎవరైనా మీది ఏ దేశం అని అడిగితే నైజీరియా అనేదాన్ని. అన్న ప్రతిసారీ అజుక గుర్తొచ్చేవాడు. మావాళ్లను ఆకలికి మాడ్చింది కూడా ఆ దేశమే కదా. చివరికి ఒక చలికాలం తలుపు వేసుకుని, మనిషంత ఎత్తు బొమ్మ వేశాను. ఎర్రమట్టి దారి, తొమ్మిదేళ్ల పిల్ల, వీపు మీద వేలాడుతున్న తల. పిల్లకు అక్క మొహమే పెట్టాను. అక్కను అడగలేదు.

బొమ్మకు పేరొచ్చింది. ఎవరో ధనవంతుడు కొనుక్కున్నాడు. అక్కడ మా ఊళ్లలో, మళ్లీ మా దేశం మాకు కావాలంటున్న కుర్రాళ్లు దాన్ని చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు. నన్నెవరూ అడగలేదు. నిజం చెప్పాలంటే సంతోషించాను. వందలమంది గుండెల మీద నా బొమ్మ ఉన్న ఫోటో స్నేహితులందరికీ చూపించుకున్నాను.

ఒకరోజు ఒక కుర్రాడు బొమ్మ దగ్గర చిరిగిందని ఆ చొక్కా కుట్టమని అక్కకే తెచ్చిచ్చాడు. అక్క ఆ పని పూర్తి చేసి ఇచ్చేసి, నాకు ఫోన్ చేసింది.

"ఇవాళ నా మొహం మీద నేనే మిషన్ తొక్కానే, ఒలన్మా" అని, నేను నోరు తెరిచేలోపు పెట్టేసింది.

అక్కకు పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కొడుకు ఒబియోరా. పాలిటెక్నిక్ చదివేవాడు. రాజకీయాలంటే నవ్వేవాడు, ఫుట్‌బాల్ అంటే ప్రాణమిచ్చేవాడు. వాడూ ఎక్కడో ఆ చొక్కా చూశాడు. ఇంటికొచ్చి, అమ్మా, ఈ పిల్ల నువ్వేనా అని అడిగాడట. అబద్ధం చెప్పడం అక్కకు చేతకాలేదు. ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదన్నాడు.

"చెప్తే నువ్వూ మొయ్యాలి కదరా" అందట అక్క.

ఆ శనివారం వాడు ఆ చొక్కా వేసుకుని ఆ కుర్రాళ్ల సభకు వెళ్లాడు. సైనికులు కాల్పులు జరిపారు. పారిపోయి వచ్చినవాళ్లలో ఒకడు ఒబియోరా పడిపోవడం చూశానన్నాడు. ఇంకొకడు లారీలోకి ఎక్కించారన్నాడు. ఊపిరి ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను వెంటనే విమానం ఎక్కి వెళ్లాను. పదకొండు రోజులు అక్కా నేనూ పోలీస్ స్టేషన్లకూ, ఆసుపత్రులకూ, శవాల గదులకూ తిరిగాం. ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఏం బట్టలు వేసుకున్నాడని. అక్క ప్రతిచోటా ఒకటే జవాబు చెప్పింది.

"చొక్కా మీద నా బొమ్మ ఉంటుంది బాబూ."

ఒక ముసలి గుమాస్తా మాత్రం గొంతు తగ్గించి, ఆ చొక్కా మాట ఇంకెక్కడా ఎత్తకమ్మా, ఇంటికెళ్లిపో అని బతిమాలాడు.

ఉద్యమం వాళ్లు ఇంటికి వచ్చారు. వచ్చే సభలో అక్కను వేదిక మీద కూర్చోమన్నారు. అక్క వాళ్లకు మంచినీళ్లిచ్చి, తిన్నారా అని అడిగి, పంపించేసింది. వాళ్ల వయసూ ఒబియోరా వయసే.

నేను లండన్ తిరిగి వచ్చే రోజు పొద్దున అక్క నా కోసం, పప్పు పిండిని ఆకులో చుట్టి ఉడికించే ఒక్పా కొనుక్కొచ్చి, వేడిగా ఉండగానే ఆకు విప్పి నా ముందు పెట్టింది. నేను దాన్ని పక్కకు జరిపాను. నన్ను తిట్టక్కా, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి అన్నాను.

"తిట్టి ఏం చేసుకోను? నాకు మిగిలింది నువ్వేగా" అంది. కాసేపు ఆకు ముక్కలు చింపుతూ కూర్చుంది. "ఒక్కటి మాత్రం అడుగుతా. వాణ్ణి గీయకు."

"గీయనక్కా" అన్నాను.

అప్పటికే నా సంచి అడుగున, బట్టల మధ్య, ఒక పుస్తకం ఉంది. అక్క దగ్గరికి వెళ్తూ విమానంలో నిద్రపట్టక ఒబియోరాను పద్నాలుగుసార్లు గీశాను. మొదటివి ఏడుస్తూ గీసినవి. తర్వాతి వాటిలో మెడ దగ్గర నీడ సరిగ్గా కుదరలేదని చెరిపి, మళ్లీ గీశాను.

నాలుగేళ్లయింది. వాడి కబురు లేదు. శరీరం లేకుండా పాతిపెట్టడానికి అక్క ఒప్పుకోలేదు. ఆదివారాలు ఫోన్ చేస్తే వానల గురించి, కరెంటు గురించి మాట్లాడుతుంది. బొమ్మలు వేస్తున్నావా అని అడగదు. ఆ పుస్తకం కాల్చేద్దామని రెండుసార్లు బయటకు తీశాను. రెండుసార్లూ పేజీలు తిప్పి, మళ్లీ లోపల పెట్టేశాను.