కాముని మంటకెక్కిన పడక్కుర్చీ

నేను ఒక పడక్కుర్చీని. టేకు ఒళ్లు, చారల గుడ్డ, వెనక్కి వాలితే రాజసం. మానేరు వాగు పక్క ఊళ్లో ఒక వడ్రంగి నన్ను చేసి, ఎలా ఉందోనని తానే ఒకసారి కూర్చుని చూశాడు. ఇక లేవబుద్ధి కాలేదు. చేయించుకున్న రైతు దుర్గయ్య నన్ను దాదాపు లాక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఊరి తగువులన్నీ ఆయన నా మీద కూర్చునే తీర్చాడని జనం చెప్పుకుంటారు. నాకు తెలిసినంతలో ఆయన ఎక్కువగా గురక పెట్టాడు. అది భరించలేకే కాబోలు, తగువులాడేవాళ్లు త్వరగా రాజీపడేవాళ్లు.

దుర్గయ్య పోయాక కొడుకులు కనకయ్య, ఓదెలు పొలం పంచుకున్నారు, ఎడ్లు పంచుకున్నారు. ఒక్క మాట అనుకోలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ తండ్రి మీద ప్రేమ పొంగింది. పెద్దమనుషులు తలలు పట్టుకుని, ఉగాది నుంచి దసరా దాకా అన్న ఇంట్లో, దసరా నుంచి ఉగాది దాకా తమ్ముడి ఇంట్లో నన్ను ఉంచమన్నారు. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నన్ను అప్పగించేటప్పుడు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోరు, నా కాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు.

ఈ ఏడు ఉగాది దగ్గరపడుతుంటే తమ్ముడు ఓదెలుకు నన్ను వదలబుద్ధి కాలేదు. కుర్చీ విరిగిపోయిందని ఊరంతా చెప్పి, నన్ను పెరట్లో పత్తికట్టె కుప్ప కింద దాచాడు. ఉగాదికి ముందు కాముని పున్నమి వస్తుందన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

మా వైపు కామదహనానికి కట్టెలు అడిగి తెచ్చుకోరు, దొంగిలిస్తారు. కుర్రాళ్లు గోడలు దూకుతారు, ఇంటివాళ్లు తిడతారు, అదంతా పండుగే. పేర్చిన కట్టెను మాత్రం ఎవరూ వెనక్కి తీయకూడదు. తపస్సులో ఉన్న శివుడి మీద పూలబాణం వేసి కాముడు మూడోకంటి మంటకు బూడిదయ్యాడు కదా. ఆయనతోపాటు మన ఆశలూ పంతాలూ కాలిపోవాలని ఆ మంట.

కుర్చీ విరగ్గొట్టాడని కనకయ్యకు కడుపు మండిపోతోంది. కుర్రాళ్లను చాటుకు పిలిచాడు.

"ఓదెలుగాని పెరట్ల పత్తికట్టె మస్తుగున్నది. ఒక్క పుల్ల ఇడిసిపెట్టకుండ్రి" అన్నాడు.

కుప్ప ఎత్తితే కింద నేను! వాళ్లు నన్ను ఊరేగించుకుంటూ తీసుకెళ్లి, కట్టెలన్నిటికీ పైన కూర్చోబెట్టి, పసుపు కుంకుమ పెట్టారు. ఇంత మర్యాద నాకు ఏ ఇంట్లోనూ జరగలేదు. పొంగిపోయాను. ఏటా మంట ముట్టించే పెద్దామె పోశవ్వ నిప్పు తెస్తుంటే మాత్రం ఆ పసుపు కుంకుమ ఎందుకో అర్థమైంది.

సంగతి తెలిసి అన్నదమ్ములు చెరో వైపు నుంచి పరుగెత్తుకొచ్చారు.

"ఆగుండ్రి! అది మా నాయిన కుర్సి!"

ఇద్దరూ ఒకేసారి అరిచారు. వాళ్లిద్దరూ ఒకే మాట మీద ఉండటం చాలా ఏళ్లకు చూశాను.

"కుప్పకెక్కింది దిగదు బిడ్డా" అంది పోశవ్వ. "కాముడంటే ఆశనే గద. అది కాలుడు ఇష్టం లేకుంటె పండుగెందుకు?"

నిప్పు పెట్టింది. ముందు చారల గుడ్డ భగ్గుమంది. భయం వేసింది, ఏడుపొచ్చింది. అంతలో కింద ఓదెలు గొంతు వినిపించింది.

"ఇరిగిందని అబద్ధమాడిన్నే అన్నా."

"నీ పెరడు జూపెట్టింది నేనేరా" అన్నాడు కనకయ్య. మంటను చూస్తూ, "నాయిన గురక యాదికస్తుందిరా" అన్నాడు.

ఓదెలు నవ్వబోయి ఏడ్చేశాడు. అన్న వాడి భుజం మీద చెయ్యి వేసి తానూ ఏడ్చాడు. రతీదేవి ఏడిస్తే శివుడు కాముడిని ఒళ్లు లేకుండానే బతకమన్నాడట. నా కోసం ఏడ్చినవాళ్లు ఇద్దరు. నేను మాత్రం ఎందుకు పోతాను?

తెల్లారి ఊరంతా రంగులు చల్లుకుంటుంటే వాళ్లు బూడిద కోసం వచ్చారు. అన్న చిటికెడు తీసి తమ్ముడికి బొట్టు పెట్టాడు, తమ్ముడు అన్నకు పెట్టాడు. ఇన్నేళ్లూ నా మీద ఎవరు కూర్చోవాలని కొట్టుకున్నారు. ఆ పొద్దున నేనే ఇద్దరి నుదుట ఎక్కి కూర్చున్నాను.