పొరపాటున తెరుచుకున్న పెరడు

లోర్నా కొత్తగా కొనుక్కున్న ఇంటి వెనక ఉన్నదాన్ని పెరడు అనడానికి వీల్లేదు. గచ్చు. రెండు చెత్తబుట్టలు, ఒక బట్టల తీగ, మధ్యలో మనిషి నిలబడేంత చోటు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. కొండ రోడ్డు మీద రోజూ బస్సులో కిందికి వస్తుంటే, రాతి గోడల అవతల ఎవరివో చిక్కుడు పందిళ్లు, ఎవరివో ఉల్లి మడులు కనబడి ప్రాణం లాగేది. తానూ తన చేత్తో పండించిందేదో ఒక్కసారైనా తినాలని ఆమె కోరిక. కానీ కిటికీలో పెట్టిన మిరప మొక్క మాడిపోయింది, పాలకూర అసలు మొలవనే లేదు.

అందుకని జులైలో థ్రాస్‌బీ ఊళ్లో తోటలు తెరిచే ఆదివారం రాగానే, స్కూల్లో వంట చేసే తన చిన్ననాటి స్నేహితురాలు జోసీని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఆ రోజు కొందరు తమ పెరటి గేట్లు బార్లా తెరిచి, గేటుకు పసుపు బెలూన్ కడతారు. ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు, ఎలా పండించారో అడగొచ్చు. టీ, కేకు కూడా ఉంటాయి. జోసీ వచ్చింది కేకు కోసం. ఆ సంగతి ఆమె దాచనూ లేదు.

ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. నవ్వకూడని చోట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారో, ఇక అంతే సంగతులు. అందుకని మొదటి తోటలో ఇద్దరూ చెరో వైపు చూస్తూ నడిచారు. అది మిసెస్ ఆట్లీది. ఈ ఆదివారం ఏర్పాట్లన్నీ చూసేది కూడా ఆవిడే. ఆవిడ లెట్యూస్ మడులు పాపిడి తీసి దువ్వినంత తీరుగా ఉన్నాయి. గేటు దగ్గర బుట్టలో నిగనిగలాడే క్యారెట్లు, అన్నీ ఒకే పొడవు. లోర్నా ధైర్యం చేసి, తన దగ్గర ఉన్నది గచ్చేనని, ఎక్కడ మొదలుపెట్టమంటారని అడిగింది. మిసెస్ ఆట్లీ ముందు గచ్చు పగలగొట్టించమంది. తర్వాత మంచి మట్టి తోలించి, ఎరువు వేసి, రెండేళ్లు కదపకుండా వదిలేయమంది.

"అప్పటిదాకా ఏం తినమంటారండీ?" అని జోసీ అడిగింది. లోర్నా ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

రెండో తోటలో గోడకు అంటుకుని పెరిగిన పియర్ చెట్లు ఉన్నాయి. మూడో తోటలో మట్టిలో ఆమ్లగుణం గురించి పెద్ద ఉపన్యాసం విన్నారు. బయటికొచ్చేసరికి లోర్నా మొహం వాడిపోయింది. తనలాంటి దానికి ఇవన్నీ అయ్యే పనులు కావనిపించింది. ఇంటికి పోదామనుకుంటుండగా, సందు చివర ఒక కంచెలో పసుపు బెలూన్ ఊగుతూ కనబడింది.

"ఇదొక్కటీ చూసి పోదామే. ఇంకా కేకు తినలేదు నేను," అంది జోసీ.

గేటు తోసుకుని లోపలికి వెళ్లారు. చారల పైజామా మీద రబ్బరు బూట్లు తొడుక్కున్న ఒక మనిషి, బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని టోస్టు తింటున్నాడు. వీళ్లను చూసి నమలడం ఆపేశాడు.

"మరీ ముందొచ్చేశామేమో," అంది లోర్నా మర్యాదగా.

ఆయన టోస్టు వంక చూశాడు, పైజామా వంక చూసుకున్నాడు. "అబ్బే, అదేం లేదు. రండి," అన్నాడు.

ఆయన పేరు సెడ్రిక్ ఫోల్డ్స్. ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేస్తాడు. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఎందుకొచ్చారని అడగడం ఆయనకు పుట్టుకతోనే చేతకాదు. లోర్నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు. ఆమె కళ్లన్నీ తోట మీదే ఉన్నాయి. ఇలాంటి తోట ఆమె ఎక్కడా చూడలేదు. గొడుగులంత ఆకులతో ఏదో పాదు దారంతా కమ్మేసింది. చిక్కుడు తీగ పందిరి వదిలేసి, ఆరేసిన చొక్కా చేతిలోంచి దూరి మెడలోంచి బయటికొచ్చింది.

ఆ పెద్ద ఆకులు దేనివని లోర్నా అడిగింది.

"జుకినీ అండీ, దోసకాయల్లాంటి కాయలు కాస్తాయి. పొట్లంలో ఎన్ని గింజలుంటే అన్నీ పాతేశాను. కొన్నైనా బతక్కపోతాయా అని." ఆయన దారికడ్డంగా ఉన్న ఒక ఆకును బూటుతో పక్కకు తోశాడు. "అన్నీ బతికాయి."

జోసీ దగ్గింది. లోర్నా పట్టుదలగా గోడ వంకే చూసింది. అంతలో ఆయన, క్యారెట్లు చూస్తారా అంటూ ఒకటి పెరికి చేతికిచ్చాడు. రాళ్ల నేల కావడంతో అది రెండుగా చీలి, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న లావుపాటి పెద్దమనిషిలా తయారైంది. పొట్ట కూడా ఉంది. ఇక ఆగడం ఇద్దరి వల్లా కాలేదు. లోర్నా కంచె పట్టుకుని నవ్వింది. జోసీ నేల మీద కూలబడిపోయింది. పొద్దున్నుంచి బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి బయటపడింది. సెడ్రిక్ ముందు బిత్తరపోయాడు, తర్వాత క్యారెట్ వంక ఇంకోసారి చూసి తానూ మొదలుపెట్టాడు. ఆయన నవ్వు కీచుమని పైస్థాయిలో లేచి విరిగేది. అది విని వీళ్లకు నవ్వు ఇంకా ముదిరింది.

కళ్లు తుడుచుకుని లోర్నా తన గచ్చు సంగతి చెప్పింది. ఆయన ఆమెను గోడవార ఉన్న పాత ఎరువు సంచుల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కొక్క దాంట్లోంచి బంగాళదుంప మొక్క గుబురుగా పైకొచ్చి ఉంది. సంచి అడుగున నీళ్లు పోవడానికి చిల్లులు పొడవాలి, సగం దాకా మట్టి నింపాలి, మొలకొచ్చిన దుంప పెట్టాలి. కాడ పైకొచ్చిన కొద్దీ చుట్టూ ఇంకాస్త మట్టి పోస్తూ పోవాలి. అంతే పని.

"గచ్చు మీద పెట్టొచ్చా?"

"ఎక్కడైనా పెట్టుకోండి. ఓసారి మెట్ల మీద పెట్టాను. పోస్టాయన తట్టుకుని పడ్డాడు గానీ, దుంపలు మాత్రం బాగా వచ్చాయి."

ఈ నవ్వులు సందులోకి వినబడ్డాయి. అంత సందడిగా ఉన్న తోట ఏదోనని జనం రావడం మొదలైంది. చూస్తుండగానే పెరడు నిండిపోయింది. సెడ్రిక్ వాళ్లకు తన ఘనకార్యాలన్నీ చూపించాడు. గడ్డి అనుకుని ఉల్లి మొత్తం పీకేసిన మడి చూపించాడు. పిట్టలు రాకుండా వల కట్టబోయి తానే చిక్కుకుపోయిన చోటు చూపించాడు. వచ్చినవాళ్లలో ఒకాయన తన టమాటాల చరిత్ర చెప్పాడు, ఒకావిడ తన బీట్‌రూట్ అవమానం చెప్పుకుంది. ఎవరికి వాళ్లు తమ తోటలో ఏది ఎలా పాడైందో చెప్పడానికి పోటీలు పడ్డారు.

టీ ఎక్కడని జోసీ అడిగితే, సెడ్రిక్ టోస్టు ముక్కతో వంటింటి వైపు చూపించాడు. లోపల కేకు లేదు. కానీ జోసీ వంటమనిషి. పిండి, గుడ్లు దొరికాయి, జుకినీలకైతే కరువే లేదు. అవి తురిమి, కలిపి, పెనం మీద చిన్న చిన్న అట్లు పోసింది. ఇంట్లో ఉన్న కప్పులు చాలక కొలత జాడీలోనూ, పూలకూజాలోనూ టీ పోసిచ్చింది. వాసనకు వీధిలోని వాళ్లు కూడా లోపలికొచ్చేశారు.

అప్పుడొచ్చింది మిసెస్ ఆట్లీ, చేతిలో ఆ రోజు తెరిచిన తోటల మ్యాపుతో. ఆవిడ తోటలో జనమే లేరట.

"ఈ తోట ఇవాళ తెరవాల్సింది కాదు. మ్యాపులో లేదు. ఆ బెలూన్ పక్కింటిది. గాలికి ఊడి వచ్చింది," అంది.

నవ్వులు ఆగిపోయాయి. లోర్నాకు చెవులు భగభగమన్నాయి. ఒక పరాయి మనిషి పెరట్లోకి పిలవకుండా చొరబడి, అతని క్యారెట్‌ను చూసి నవ్వి, అతని వంటింట్లో స్నేహితురాలి చేత అట్లు పోయించింది. క్షమించమని అడగబోయేలోపే మిసెస్ ఆట్లీ సెడ్రిక్ వైపు తిరిగింది.

"మీరు వీళ్లందర్నీ రానిచ్చారా, మిస్టర్ ఫోల్డ్స్?" అని అడిగింది మిసెస్ ఆట్లీ.

"ఇప్పుడు రానిస్తున్నాను," అన్నాడు సెడ్రిక్. "ఈ పెరట్లోకి ఇంతమంది ఎప్పుడూ రాలేదండీ. దయచేసి పంపించేయకండి."

లోర్నాకు ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న క్యారెట్ పెద్దమనిషిని మిసెస్ ఆట్లీకి అందించింది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఆవిడ పెదవి చివర కొంచెం వణికింది.

"నావీ ఇలాగే వస్తాయి," అంది మెల్లగా. "ఏటా ఇంతే. గేటు దగ్గర బుట్టలోవి బజారువి."

ఎవరో నోట్లో టీ బయటికి చిమ్మారు. ఆ తర్వాత మిసెస్ ఆట్లీకి కుర్చీ వేసిందెవరో, అట్లు పెట్టిందెవరో లోర్నాకు గుర్తులేదు. ఆవిడ నవ్వి నవ్వి టోపీ తీసేసి దాంతోనే విసురుకున్నది మాత్రం గుర్తుంది.

సాయంత్రం సెడ్రిక్ ఒక దుంపల సంచి లోర్నాకు ఇచ్చాడు, మొక్కతో సహా. కారు వెనక సీట్లో దానికి బెల్టు పెట్టారు. ఇల్లు చేరేదాకా జోసీ వెనక్కి తిరిగి దానికి ఊరి విశేషాలు చెబుతూనే ఉంది.

సెప్టెంబరులో దుంప మొక్క ఆకులు పసుపెక్కాయి. సెడ్రిక్, జోసీ చూస్తుండగా లోర్నా ఆ సంచిని గచ్చు మీద బోర్లించింది. మట్టిలోంచి తెల్లటి దుంపలు దొర్లాయి, కొన్ని చెత్తబుట్టల కిందికి పోయాయి. ఆమె మోకాళ్ల మీద పాకుతూ అన్నీ ఏరింది. ఉడకబెట్టి, వెన్న వేసి, ఉప్పు చల్లి, బల్ల దాకా కూడా పోకుండా పొయ్యి దగ్గరే నిలబడి ముగ్గురూ చేతులతో తిన్నారు. వేడికి నాలుక కాలినా లోర్నా ఆగలేదు. గిన్నె ఖాళీ అయ్యాక ఆమె మళ్లీ బయటికెళ్లి, ఆ మట్టికుప్పలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికింది. ఇంకొకటి దొరికింది.